పుస్తకంలో విజిల్

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే ఇక రాసేవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం రాయపురం ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో నిజంగా ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో పెరుమాళన్న పోయిన నెల చనిపోయాడు. మిగిలింది నేను. అందరికంటే ముందు తెలియవలసిన మనిషి ఇంకొకడున్నాడు. అతనికి మేమిద్దరం చెప్పలేదు. నాకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళలో ఎన్నో చదివాను, చదివినవాటి గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం పోయిన ఆదివారం దాకా ఎవరికీ చెప్పలేదు.

నిజానికి ఇది రాయాలని నేను కూర్చోలేదు. మా అమ్మాయి మాలతి షోళింగనల్లూరులో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఉద్యోగులను తీసుకొచ్చి దింపే క్యాబుల వ్యవహారమంతా తనదే. వాళ్ళ ఆఫీసూ, మేముండే అపార్ట్‌మెంటు సంఘమూ కలిసి రోడ్డు భద్రత మీద ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నారు. "నువ్వు ఇన్ని చదువుతావు గదమ్మా, ఒక పేజీ రాసియ్యి" అంది. ఒక పేజీ కాదు, ఆరు పేజీలు రాశాను. మనిషి కంటికి కనబడినది కాలిదాకా వచ్చి బ్రేకు తొక్కడానికి ఎంతసేపు పడుతుంది, తడి రోడ్డు మీద టైరు ఎందుకు జారుతుంది, హెల్మెట్టు లోపల మెత్తటి పొర ఎందుకుంటుంది, అన్నీ లైబ్రరీలో నేను సంపాదించిన విద్యే. రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయి ఇచ్చాను. మాలతి కాఫీ తాగుతూ చదివింది. "బాగుంది. కానీ ఇందులో నువ్వు ఏడున్నావమ్మా?" అంది. మామూలుగానే అంది. నేను ఆ ఆరు పేజీలూ వెనక్కి తీసేసుకున్నాను. సరిగ్గా నాలుగు రోజులకు పెరుమాళన్న కూతురు సెల్వి ఫోను చేసింది. తండ్రి పోయాడని చెప్పింది.

ఇక రాయపురం సంగతి. మా ఇల్లు హార్బరుకు దగ్గర్లో, ఒకే గోడను ఇటొక ఇల్లు అటొక ఇల్లు పంచుకున్న సందులో ఉండేది. అమ్మానాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు; అవ్వ పెంచింది. అవ్వకొడుకు కోదండం మామ ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెల్లారుతూనే మా ఇంట్లోకి మూడు వాసనలు వరసగా వచ్చేవి. మొదట అవ్వ వేయించే ధనియాలు, తర్వాత సందు చివర ఎండబెట్టిన చేపలు, ఆ తర్వాత మామ. ఎంత సబ్బు రుద్దినా మామ ఒంటి నుంచి అమోనియా వాసన పోయేది కాదు. స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు నెత్తి మీద వేసుకుని, నిలబడే కాఫీ తాగేవాడు. కూర్చుని తాగితే బద్ధకం వస్తుందని ఆయన నమ్మకం. అవ్వ గ్లాసు అందిస్తూ ముక్కు మూసుకునేది. "నీ పెండ్లాం పుణ్యాత్మురాలురా, ముందే పోయింది" అనేది. మామ నవ్వేవాడు. ఆ మాట అనే చనువు అవ్వకు తప్ప ఎవరికీ లేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి వరకు, అదీ తమిళంలో. మా ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడారే గాని, రాయడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పెద్ద రోడ్డు మీద ఒక చిన్న లైబ్రరీ ఉండేది. అక్కడ పనిచేసే వేదాచలంగారు చివరి బీరువా చూపించి, "ఇవి తెలుగు పుస్తకాలమ్మా, తెరిచేవాళ్ళు లేక తాళం తుప్పు పట్టింది" అన్నారు. ఆ తుప్పు నేను వదిలించాను. పిల్లల వాచకం ఒకటి తీసుకుని, ఒక్కో తెలుగు అక్షరం పక్కన తమిళ అక్షరం రాసుకుని, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం గనుక చాలాకాలం 'గాలి' అని రాయవలసిన చోట 'కాలి' అని రాశాను. కానీ రెండేళ్ళలో ఆ బీరువాలో సగం చదివేశాను. ఆ గర్వం నాకు ఇంతంత కాదు. వీధిలో నడుస్తుంటే, వీళ్ళెవరికీ తెలియనిది నాకు తెలుసు అనుకుంటూ నడిచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నడకకే సిగ్గేస్తుంది.

ఇరవయ్యో ఏట మామ నన్ను ఫ్యాక్టరీ గేటు రూములో కూర్చోబెట్టాడు. వచ్చే లారీ నంబరు, పోయే లారీ నంబరు రాయడం నా పని. గేటు నుంచి లోపలికి సన్నటి దారి, దాని చివర ఐసు దిమ్మలు ఎక్కించే సిమెంటు అరుగు. లారీ ఆ దారంతా వెనక్కే వెళ్ళి అరుగుకు ఆనుకోవాలి. చుట్టూ నేల మీద రంపపు పొట్టు, కరిగిన ఐసు నీళ్ళు. పెరుమాళన్న అక్కడ లోడింగు మనిషి. నలభై ఏళ్ళవాడు, పొడుగాటివాడు, లుంగీ మోకాళ్ళ పైకి కట్టేవాడు. లారీ వెనక నిలబడి "వా, వా, వా" అని పిలిచేవాడు. చాలనుకున్నప్పుడు "పోదుం!" అని అరిచేవాడు. తమిళంలో 'పోదుం' అంటే చాలు అని అర్థం. మాట వినబడకపోతే లారీ పక్క రేకు మీద చేత్తో చరిచేవాడు. ఒక్క దెబ్బయితే ఆపమని, రెండయితే పొమ్మని. ఇది ఎవరూ కాగితం మీద రాసిన పద్ధతి కాదు. పాత డ్రైవర్లందరికీ అలవాటుగా వచ్చిందే.

అలాంటి చోటికి రమణయ్య వచ్చాడు. కావలి దగ్గర పల్లెటూరు. ఇరవై ఆరేళ్ళవాడు, కొత్తగా మీసం దువ్వుకోవడం నేర్చినవాడు. తమిళం ఒక్క ముక్క రాదు. వచ్చిన రెండో రోజే టీ కొట్టు నుంచి నా గేటు రూముకు పరుగెత్తుకొచ్చాడు.

"పాపా, ఆ టీ కొట్టోడికీ నాకూ ఏం పగుండాది? నన్ను పట్టుకొని 'తన్ని వేణుమా, తన్ని వేణుమా' అంటుండాడు. నేను వాణ్ణి ఒక్క మాటన్నా అన్లేదే!"

నేను కడుపు పట్టుకుని నవ్వాను. "అన్నా, తణ్ణి అంటే ఈడ నీళ్ళు. నీళ్ళు కావాలా అని అడుగుతా ఉండాడు."

"నీళ్ళా? నీళ్ళను తన్నడమేందబ్బా ఈళ్ళు?"

అరుగు దగ్గర దిమ్మలు మోసేవాళ్ళంతా నవ్వారు. పెరుమాళన్న అయితే వారం రోజులు రమణయ్య ఎదురొచ్చినప్పుడల్లా కాలెత్తి తన్నబోయినట్టు చేసి, "తణ్ణి?" అని అడిగేవాడు. రమణయ్య రెండు చేతులూ జోడించి "వద్దు సామీ" అనేవాడు. నవ్వనివాడు మామ ఒక్కడే. ఆ సాయంత్రం ఒక స్టీలు విజిల్ తెచ్చాడు. దానికి ఎర్ర నూలు తాడు కట్టి ఉంది. నా మెడలో వేశాడు.

"ఇది నవ్వులాట గాదు రత్నం. టీ కాడ అయింది బండి కాడ అయితే ఏం గతి? వానికి అరవం రాదు, పెరుమాళ్ళుకి తెలుగు రాదు. ఎప్పుడూ గేటు కాడ ఉండి రెండూ ఎరిగింది నువ్వే. రమణయ్య బండి ఎనక్కి తోలేటప్పుడు రూములోంచి బయటికి రా. అద్దంలో వానికి కనబడేట్టు నిలబడు. ఆపాల్సి వస్తే ఒక ఊదు. అంతేదా. ఎవరి నోటి మాటా వద్దు."

"నేనా మామా?"

"నువ్వే. చదువుకున్నదానివి గదా."

పెరుమాళన్నకు తమిళంలో, రమణయ్యకు తెలుగులో మామే వివరంగా చెప్పాడు. ఇంటికి వెళితే అవ్వ ఒప్పుకోలేదు.

"ఏందే మెడలో అది? పోలీసోడివా? ఆడబిడ్డ పదిమందిలో నిలబడి ఈల వేస్తుందా?"

"ఈల గాదుమా, విజిలు" అన్నాడు మామ.

"నోట్లోంచి కూత వచ్చేదేదైనా ఈలే. రేపు దీన్ని చూడను వచ్చేవోళ్ళకు ఏం చెప్పేది, పిల్ల బాగా ఊదుతుందనా?"

చాలా ఏళ్ళు నాలో నేను ఈ నేరం అవ్వ మీద వేసి తప్పించుకున్నాను. ఆడపిల్ల ఈల వేయకూడదన్న కట్టుబాటే ఇంత పని చేసిందని ఒక వ్యాసం కూడా మనసులో రాసుకున్నాను. అది అబద్ధం. అవ్వ అలా అన్న తర్వాత కూడా రెండు రోజులు నేను బుద్ధిగా బయటికి వచ్చి నిలబడ్డాను. ఊదవలసిన అవసరం రాలేదు. మూడో రోజు దిమ్మలు మోసేవాళ్ళలో ఎవడో "ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిందిరో, లైసెన్సులు తీయండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ముఖం మాడిపోయింది. ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఈ బురదలో విజిల్ వేసుకుని నిలబడటమేమిటని అనిపించింది. రూములోకి వచ్చి మెడలోంచి తీసేశాను. అప్పుడు చదువుతున్న లావుపాటి నవలలో ఆ ఎర్ర తాడు పెట్టాను, ఎక్కడిదాకా చదివానో గుర్తు కోసం. విజిల్ పుస్తకం అంచున వేలాడింది. చూడటానికి అందంగా ఉందనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎండ తెల్లగా కాస్తూ ఉంది. దిమ్మలు మోసేవాళ్ళు అన్నాలకు వెళ్ళి ఇంకా రాలేదు. అవ్వ పంపిన చేపల పులుసు గిన్నె కడిగి బోర్లించి, పుస్తకం తెరిచాను. రమణయ్య లారీ రెండో లోడుకు వచ్చింది. నంబరు రాసుకున్నాను. అతను రెండుసార్లు హారను కొట్టి, తల బయటికి పెట్టి, నా కిటికీ వైపు చూశాడు. నేను తల ఎత్తకుండానే చెయ్యి ఎత్తాను, వస్తున్నానన్నట్టు. అతను నమ్మాడు. బండి వెనక్కి తోలసాగాడు. 'వా, వా' అన్న పిలుపు వినబడింది. పేరా అయిపోగానే లేద్దామనుకున్నాను. పేరా అయిపోయింది. ఇంకో పేరా మొదలైంది.

నీళ్ళకు బండి జారకుండా చక్రం వెనక పెట్టే చెక్క దిమ్మ ఒకటుండేది. అది తీసుకోవడానికి పెరుమాళన్న అరుగుకూ లారీకీ మధ్యకు వెళ్ళాడు. దిమ్మ ఎక్కడో ఇరుక్కుంది. "పోదుం!" అని అరిచాడు. మా తెలుగువాళ్ళకు, అందులో రమణయ్య ఊరివాళ్ళకు, 'పోదం' అంటే వెళదాం అని అర్థం. ఇంజను రొదలో ఆ చివరి అక్షరం ఉమ్మా అమ్మా ఎవరు పోల్చగలరు? వెనక మనిషి పోదం, పోదం అంటున్నాడు. రమణయ్య పోనిచ్చాడు. పెరుమాళన్న రేకు మీద చరిచాడు. భయం పుట్టిన మనిషి లెక్కగా ఒక్క దెబ్బ చరచడు. దబదబా చరిచాడు. ఒకటి కంటే ఎక్కువ దెబ్బలంటే పొమ్మనే. రమణయ్య ఇంకా పోనిచ్చాడు.

ఆ సమయానికి ఆవరణలో ఆ మాట రెండు విధాలుగా వినగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. విన్నాను కూడా. వినబడలేదని చెప్పుకుంటే ఇంత రాయడం దండగ. 'పోదుం' అన్నది నా చెవిన పడింది. పడి, నేను చదువుతున్న వాక్యంలోకి ఎక్కడికో జారిపోయింది. నేను పేజీ తిప్పాను.

తర్వాత వినబడినది మాట కాదు. పరుగెత్తేసరికి రమణయ్య అప్పటికే దూకి, బండి కింద నుంచి పెరుమాళన్నను బయటికి లాగుతున్నాడు. రంపపు పొట్టు ఎర్రబడి ముద్దలు కట్టింది. రమణయ్య అతన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు, "అన్నా, అన్నా" అంటూనే. ఆస్పత్రిలో పెరుమాళన్న కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

మర్నాడు ఓనరు వచ్చాడు. గేటు రూములోనే కూర్చున్నాడు. మామ నా వైపు తిరిగాడు. ఆయన గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. అందులో కోపం లేదు, ఆశ ఉంది.

"నువ్వు ఆడ్నే నిలబడుంటివి గదా రత్నం?"

"నిలబడుంటి మామా."

"ఊదితివా?"

నా ఒళ్ళో పుస్తకం ఉంది. దాని అంచున విజిల్ వేలాడుతోంది. దాన్ని అరచేత్తో కప్పాను.

"ఊదినాను."

ఓనరు రమణయ్య వైపు చూశాడు. "ఏం? పిల్ల ఊదింది అంటుంది గదా. నిద్రపోతా ఉంటివా?"

రమణయ్య నన్ను చూశాడు. నువ్వు ఊదలేదు అంటాడనుకున్నాను. అంటే బాగుండునని ఒక క్షణం ఆశపడ్డాను కూడా. అతను అలా అనలేదు. అతనికి ఆ అనుమానమే రాలేదు. కిటికీలోంచి నా చెయ్యి లేవడం కళ్ళారా చూసినవాడు.

"ఊదే ఉంటాదయ్యా. నాకే వినబళ్ళేదు" అన్నాడు.

పనిలోంచి తీసేశారు. బట్టల సంచీ పట్టుకుని వెళ్ళిపోతూ గేటు దగ్గర ఆగాడు. "పాపా, ఒక్క పని చేస్తావా? నేను బండి కాడికి పోయి అటు తిరిగి నిలబడతా. నువ్వు నిన్న ఊదినట్టే ఒక్కసారి ఊదు. నా చెవులకు ఏమైందో చూస్తా."

వద్దు అనాలి. నిజం చెప్పాలి. నేను పుస్తకంలోంచి తాడు లాగి, విజిల్ నోట్లో పెట్టుకున్నాను. నా జన్మలో మొదటిసారి ఊదాను. ఆవరణంతా మోగింది. అరుగు మీద పావురాలు లేచిపోయాయి. రమణయ్య వెనక్కి తిరిగాడు. అతని ముఖంలో కనబడిన గందరగోళం చెప్పలేను.

"వినబడిందే ఇప్పుడు" అన్నాడు. కాసేపు నేల చూశాడు. నేను చెప్పకముందే తానే నాకొక సాకు వెతికిపెట్టాడు. "ఇంజను ఆగుండాది గదా. అందుకే అయ్యుంటాది. సరే పాపా, బాగా చదువుకో."

నేను ఆ నవల పూర్తి చేయలేదు. లైబ్రరీలో తిరిగి ఇచ్చేటప్పుడు వేదాచలంగారు "ఏం, నచ్చలేదా?" అని అడిగారు. కళ్ళు నొప్పి పెడుతున్నాయని చెప్పాను. విజిల్ మామకు ఇచ్చేశాను. ఏడాది తిరక్కముందే పెళ్ళయి మైలాపూరు వెళ్ళాను. తేరడి వీధిలో బట్టల కొట్టులో ఉద్యోగం చేస్తున్న మా ఆయనకు నేను చదువుతుంటే చూడటం ఇష్టం. అక్కడా లైబ్రరీ దొరికింది. మళ్ళీ చదివాను. ఆ తర్వాత రాయపురం వైపు వెళ్ళినప్పుడల్లా ఫ్యాక్టరీ సందు తప్పించి వెళ్ళేదాన్ని. పెరుమాళన్నను చూడటానికి మొత్తం మీద నాలుగుసార్లు వెళ్ళి ఉంటాను, ఆ నాలుగుసార్లూ మామ వెనక నిలబడి. కర్ర కాలు పెట్టుకుని అదే గేటు రూములో, నేను కూర్చున్న స్టూలు మీదే వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. మెడలో ఎర్ర తాడు, విజిల్.

పోయిన నెల సెల్వి ఫోను రాగానే వెళ్ళాను. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. సెల్వి మాత్రం అదే సందులో ఉంది. గోడకు తండ్రి ఫోటో, దాని మేకుకు విజిల్. తాడు మారింది, ఇప్పుడు నీలంది. సెల్వి తమిళంలో చెప్పినదాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఫ్యాక్టరీ మూసేశాక కూడా నాన్న దీన్ని వదల్లేదక్కా. పొద్దున బడి టైముకు సందు మొగలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పిల్లలు రోడ్డు దాటాలంటే ఒక ఊదు, బండ్లన్నీ ఆగాలి. ఎవరూ చెప్పిన పని కాదు. కొందరు తిట్టేవాళ్ళు. 'ఇంకో కాలు కూడా తీసెయ్యమంటావా తాతా' అని ఆటోవాడు ఒకడు అన్నాడు. 'తీసెయ్, రెండూ సమానంగా ఉంటాయి' అన్నాడు నాన్న."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె గొంతు తగ్గించింది.

"నీకొకటి చెప్పాలక్కా. నాన్నకు తెలుసు. అరిచినప్పుడు గేటు రూము కిటికీ ఆయనకు ఎదురుగానే ఉందంట. నువ్వు తల వంచుకుని ఉన్నావంట, పుస్తకం చూసుకుంటూ."

ఆయన ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేనూ అడిగాను. 'ఆ డ్రైవరుకు ఇంకో చోట పని దొరుకుతుంది, ఆ పిల్ల ఒక తప్పు చేసిందని తెలిస్తే ఇంట్లోవాళ్ళు మళ్ళీ గడప దాటనివ్వరు' అనేవాడు. చివర్లో మాత్రం మంచం మీద ఉన్నప్పుడు ఇంకో మాట అన్నాడు. 'ఆ అబ్బాయికి పని దొరికిందో లేదో నేను కనుక్కోలేదు సెల్వీ' అని."

వచ్చేటప్పుడు సెల్వి గడప దాకా వచ్చి, మంచి మనసుతోనే అడిగింది. "ఇప్పుడూ అంతే చదువుతావా అక్కా?"

రమణయ్యకు పని దొరికిందా లేదా అన్నది నేను ఈ నెల రోజుల్లో కనుక్కున్నాను. మాధవరంలో లారీలు ఆగే చోట కావలి వైపు ఊళ్ళ నుంచి వచ్చిన ముసలి డ్రైవరు మస్తానయ్యను మాలతి వెతికి పట్టుకుంది. ఆయన కాసేపు ఆలోచించి, "రమణయ్యా? చెవుల రమణయ్యేనా?" అన్నాడు. "ఎరుగుదునమ్మా. హైవే పక్కన పంచరు కొట్టు పెట్టుకున్నాడు. చెయ్యి తిరిగిన డ్రైవరంట, మళ్ళా స్టీరింగు ముట్టలేదు. ఎవురన్నా బండి తోలమంటే 'నా చెవులు నేను నమ్మలేనబ్బా, ఒక మనిషి కాలు తీశా' అనేవోడు. మాకు నవ్వులాట. మాటలు బాగానే వినబడేవి గదా వానికి, అందుకే ఆ పేరు పెట్టినాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కొట్టు పోయింది. యాడికి పోయినాడో తెల్దు." నలభై ఎనిమిదేళ్ళుగా ఒక మనిషి చక్కగా వినబడే తన చెవులను తానే నమ్మకుండా బతికాడు. నా వల్ల.

ఇప్పటి కాలం వేరని అనుకునేదాన్ని. మా అపార్ట్‌మెంటులో బండ్లు వెనక్కి వస్తే వాటంతటవే కీచుకీచుమంటాయి, అద్దాలున్న చోట కెమెరాలున్నాయి. రాయపురంలో మాకున్నవి నోరూ, అరచెయ్యీ, ఒక విజిలూ. అయినా మాలతి ఆ పుస్తకం ఎందుకు వేయాలనుకుందో తర్వాత తెలిసింది. మా గేటు దగ్గర కాపలా ఉండే బిష్ణు ఒడిశా నుంచి వచ్చినవాడు. ఒక ఉదయం ఆఫీసు క్యాబు వెనక్కి వస్తుంటే అతను హిందీలో "బస్, బస్, బస్!" అని అరిచాడట, చాలు చాలు అని. క్యాబు డ్రైవరు తిరునెల్వేలి అబ్బాయి. ఎదురుగా స్కూలు బస్సు వస్తోందనుకుని, దారి ఇద్దామని ఇంకా గబగబా వెనక్కి తోలాడు. పూలకుండీ ఒకటి పగిలింది, అంతే. పగిలిన ఆ కుండీని రోజూ చూస్తూనే దాటి నడిచాను. అది ఎందుకు పగిలిందో అడగలేదు. అడిగినవాళ్ళు కూడా తప్పు డ్రైవరుదా, కాపలావాడిదా అనే అడిగారు. ఆనాడు ఐసు ఫ్యాక్టరీ ఓనరు అడిగినదీ అదే.

పోయిన ఆదివారం ఉదయం కింద హాల్లో డ్రైవర్లనూ, కాపలావాళ్ళనూ, ఆఫీసువాళ్ళనూ, మా మెట్ల మీద సైకిళ్ళు పెట్టే పిల్లల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టింది మాలతి. నేను రాసిన ఆరు పేజీలు చదువుతానని అందరూ అనుకున్నారు. ఇదే చెప్పాను, తమిళంలో, మధ్యమధ్య తెలుగులో. మాలతి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తిరునెల్వేలి అబ్బాయి లేచి, "అప్పుడు మీకెంత వయసు పాటీ?" అని అడిగాడు. తమిళంలో పాటీ అంటే అవ్వ.

"ఇరవై."

"చిన్న వయసుదానే" అన్నాడు, ఓదార్పుగా.

"రమణయ్యకు ఇరవై ఆరు" అన్నాను. అబ్బాయి కూర్చున్నాడు.

ఆ రోజు ఒప్పుకున్నది చిన్న విషయం. బండి వెనక్కి వస్తే ఎవరి భాషలోనూ ఎవరూ అరవకూడదు. ఒకే విజిల్, ఒకే ఊదు, దాని అర్థం ఆగమని మాత్రమే. కాపలావాడే ఊదాలని లేదు, దగ్గరున్నవాళ్ళు ఎవరైనా ఊదాలి, పనిమనిషయినా, పిల్లాడయినా, నాలాంటి ముసలిదయినా. విజిల్ వినబడక డ్రైవరు ఆగకపోతే, ముందు అడగవలసిన ప్రశ్న 'ఎందుకు ఆగలేదు' అన్నది కాదు, 'ఊదవలసినవాళ్ళు ఊదారా' అన్నది. ఈ చివరిది నేను పట్టుబట్టి రాయించాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి తోడుపడినవాళ్ళు చాలామంది. తుప్పు పట్టిన తాళం తీసిచ్చి నాకు అక్షరాలు దొరికేలా చేసిన వేదాచలంగారికి, నన్ను నమ్మి విజిల్ ఇచ్చిన కోదండం మామకు, నేను మోయని నేరం ఇన్నేళ్ళు మోసిన అవ్వకు, నన్ను కాపాడి ఆ సంగతి మంచం దాకా తీసుకుపోయిన పెరుమాళన్నకు, గోడ మేకు నుంచి విజిల్ తీసి నా చేతిలో పెట్టిన సెల్వికి, మాధవరంలో ఎండలో నిలబడి జ్ఞాపకం చేసుకున్న మస్తానయ్యకు, నువ్వు ఏడున్నావని అడిగిన మాలతికి, ఇప్పుడు రోజూ ఆ విజిల్ మెడలో వేసుకుంటున్న బిష్ణుకు నా నమస్కారాలు.

ఒక్కరు మిగిలారు. ఆయనకు కృతజ్ఞత చెప్పే అర్హత నాకు లేదు. ఈ పుస్తకం ఆయన దాకా వెళుతుందో లేదో తెలియదు. కావలి వైపు ఎవరైనా చదివితే ఇది ఆయనకు చదివి వినిపించండి. రమణయ్యన్నా, నీ చెవులు బాగున్నాయి. ఆ రోజు విజిల్ ఎవరూ ఊదలేదు.